చుక్కల వెనక నంబరు

ఐదు గంటలకు పోలీసు జీపు బయలుదేరుతుందని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరేంద్రబాబు ఫోనులోనే చెప్పేశాడు. నేను మస్తానయ్య గారి రొయ్యపిల్లల హేచరీకి చేరేసరికి మూడు నలభై. గేటు మీద ఒక పక్క పెంచలకోన నరసింహస్వామి, ఇంకో పక్క పచ్చరంగులో 786. వాచ్‌మన్ నా ముందే నాలుగంకెల తాళం తిప్పి తీసి లోపలికి పంపాడు. చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు మేడ మెట్లు తినేశాయి. అరవై రెండేళ్ళ మోకాళ్ళు తొందరంటే వినవు.

"రండి ఆదిశేషమ్మ గారూ," అన్నాడు నరేంద్రబాబు పై మెట్టు మీద నిలబడి. "వేలిముద్రల విభాగంలో మీ పేరు ట్రైనింగప్పుడు విన్నానండి. రిటైరయ్యాక కూడా ఎందుకండీ మీకీ తిరుగుడు?"

"ఇంట్లో ఉందామనే రిటైరయినా బాబూ. షావలి ఉండనీలా."

షావలి నెల్లూరులో రేకుపని చేస్తాడు. నిన్న పొద్దున వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా కదల్లేదు. అన్నది ఒక్కటే, "నా బిడ్డ అట్టాంటిది కాదమ్మా" అని. ముప్పై మూడేళ్ళ నౌకరీలో ఈ మాట నేను వినని వారం లేదు. ప్రతి దొంగకీ ఒక అమ్మో అబ్బో ఉంటారు, అందరూ ఇదే మాట అంటారు. అయినా వచ్చాను.

షావలి కూతురు ఇర్ఫానాకి ఇరవై నాలుగేళ్ళు. ఈ హేచరీ ల్యాబులో రొయ్యపిల్లకి పరీక్షలు చేసి రిపోర్టు ఇవ్వడం ఆమె పని. ఈ నెల తొమ్మిదో తారీఖు, మంగళవారం, "తెల్లమచ్చ వైరస్ లేదు" అనే రిపోర్టు ఆమె పేరుతో ఇక్కణ్ణుంచి బయటికి పోయింది. దొరవారిసత్రం రైతు పెంచల్ ఆ కాయితం చూసి అదే సాయంత్రం రొయ్యపిల్లని చెరువుల్లో వదిలాడు. పన్నెండో రోజుకి ఒక్కటి మిగల్లేదు. ఆ మర్నాడు పెంచల్ పురుగుమందు తాగాడు. ఇవాళ ఇరవై నాలుగు. ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. అతను పోతే ఇర్ఫానా మీద కేసు ఇప్పుడున్న దగ్గర ఆగదు. ఐదింటి జీపు ఆమెని తీసుకుపోవడానికే.

ల్యాబు గదిలో ఒక స్టూలు మీద కూర్చుని ఉంది ఇర్ఫానా. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంటుందనుకున్నాను. అలా లేదు. పరీక్ష రాయడానికి వచ్చినదానిలాగా చేతులు ఒళ్ళో పెట్టుకుని సూటిగా చూస్తోంది.

"తొమ్మిదో తారీఖు ఏం జరిగిందో గడియారం చూసినట్టు చెప్పుమ్మా," అన్నాను.

"పదకొండున్నరకు రిజల్టొచ్చింది మేడమ్. వైరస్ ఉండాది. పదకొండు యాభై రెండుకి ప్రింట్ తీసి మేనేజరు వాణక్క చేతికిచ్చినా. పిల్లంతా పారబోయాల అక్కా అని చెప్పినా. ఒంటిగంటకు నమాజు చేసుకోని, అన్నం తినేదానికి వెనక గదికి పోయినా. ఒకటిన్నరకు తిరిగొచ్చినా. తొట్లన్నీ కడిగి ఎండబెట్టాల, నెల రోజులు ఇంట్లో ఉండు అనింది అక్క. సరేనని ఎల్లిపోయినా."

"అన్నానికి పోయేటప్పుడు కంప్యూటరుకి తాళం వేసినావా?"

"లేదు మేడమ్. మన హేచరీనే కదా అనుకున్నా."

నరేంద్రబాబు దగ్గాడు. అతని చేతిలో ఒక కాయితం ఉంది. ప్రింటరు జ్ఞాపకంలోంచి అతని మనుషులు తీసిన జాబితా అది.

"చూడండమ్మా. ఆ రోజు ఇర్ఫానా పేరు మీద రెండు ప్రింట్లు. పదకొండు యాభై రెండుకి ఒకటి. ఒకటీ పదిహేనుకి పంపి, ఒకటీ పదిహేడుకి తీసుకున్నది ఇంకోటి. ఆ రెండోదే పెంచల్ చేతిలో పడింది. సంతకం కంప్యూటర్లో దాచుకున్న సంతకమే. ఇప్పుడు అసలు సంగతి అడగండి. ఈ ప్రింటరు ఊరికే కాయితం ఇవ్వదు."

"ఎందుకివ్వదు?" అన్నాను ఇర్ఫానాని చూసి. నాకు తెలియక కాదు. ఇలాంటి మిషన్లు బాగుచేసే హెబ్రోను అనే అతన్ని పొద్దున ఫోనులో గంటసేపు విసిగించి అంతా రాసుకునే వచ్చాను. ఆ పిల్ల నోట వినాలని అడిగాను.

"ప్రింటరు వరండాలో ఉండాది మేడమ్. బ్రోకర్లు, డ్రైవర్లు అందరూ అట్నే పోతారు. రిపోర్టు వచ్చి ట్రేలో పడితే నాకంటే ముందు వాళ్ళే చదివేసేవాళ్ళు. అందుకని నేనే సెట్టింగు మార్చినా. ఇక్కడ ప్రింట్ కొడితే అది ప్రింటర్లోనే ఆగిపోతాది. అక్కడికి పోయి నా పేరు మీద నొక్కి, నాలుగంకెల నంబరు కొడితేనే కాయితం వస్తాది."

"ఆ నంబరు ఎవరికైనా చెప్పినావా?"

"లేదు మేడమ్. మా అబ్బాక్కూడా చెప్పలా."

"విన్నారుగా," అన్నాడు నరేంద్రబాబు. "పేరు ఆమెది. సంతకం ఆమెది. నంబరు ఆమెకొక్కతెకే తెలుసు. ఇంక నాకేం మిగిలిందండీ?"

ఒక్క అబద్ధం ఆడి, ఫలానావాళ్ళకి చెప్పాను అని ఉంటే ఈ పిల్ల ఈపాటికి ఇంట్లో ఉండేది. నిజం చెప్పే మనుషులతో ఇదే తంటా. వాళ్ళ ఉరితాడు వాళ్ళే పేని మన చేతిలో పెడతారు.

అప్పుడే మేనేజరు వాణి టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మస్తానయ్య గారి కూతురు, ముప్పై ఏళ్ళుంటాయి. గడప దాటలేదు.

"నాకు తెలిసిందంతా సార్‌కి చెప్పినా పెద్దమ్మా," అంది. "ఈ గదికే నేను రాను. లారీలు, పర్మిట్లు, కూలీలు, నా పనులు నాకుండాయి. ఈమె నాకిచ్చింది ఒక్కటే కాయితం. వైరస్ లేదనే ఉండాది అందులో. ఈ కంప్యూటరు, ఈ సెట్టింగులు, అన్నీ ఆమె పెట్టుకున్నయ్యే. నేను అసలు ముట్టుకోలా."

ఇర్ఫానా ఆమె వైపు చూసింది. వాణి కప్పుల వైపు చూసింది.

బయట వరండాలో మస్తానయ్య గారు తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఫోను మోగింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మా వాణీ, ఇది ఎట్టా తీసేది?" అన్నారు. వాణి వెనక్కి కూడా తిరక్కుండా, "కింద పచ్చది నాన్నా, పైకి జరుపు" అంది. ఆసుపత్రి నుంచి ఫోను. పెంచల్ అలాగే ఉన్నాడట. ఆయన ఆ ముక్క చెప్పి మళ్ళీ తల పట్టుకున్నారు.

"ఈయన ఆ రోజు ఎక్కడున్నారు?" అని నరేంద్రబాబుని అడిగాను.

"అది నేను చూడకుండా ఉంటానాండీ? కసుమూరు పోయి వస్తున్నారు. ఒకటీ పన్నెండుకి వెంకటాచలం టోల్‌గేటు దగ్గర జీపు ఫొటో తెప్పించాను. డ్రైవింగ్ సీట్లో ఆయనే. అక్కణ్ణుంచి ఇక్కడికి గంట పైన పడుతుంది. ఆయన్ని వదిలేయండి."

పని తెలిసినవాడే. తొందరపాటు ఒక్కటే లోపం. ఆ లోపం నాకూ ఉండేది, మోకాళ్ళు బాగున్న రోజుల్లో.

నాలుగూ ఐదయింది. నేను ముందు కంప్యూటరు ముందు కూర్చున్నాను. నిన్న పోలీసులు సీలు వేసిన గది ఇది. ఆ తొమ్మిదో తారీఖు తరవాత ఇక్కడ ఎవరూ ఒక్క ప్రింటు కూడా తీయలేదని జాబితాలోనే ఉంది. ప్రింటరు సెట్టింగులు తెరిచాను. నంబరుతో ప్రింటు తీసుకునే చోట రెండు గళ్ళు. పై గడిలో ఇర్ఫానా పేరు. కింది గడిలో నాలుగు నల్ల చుక్కలు. ఆ రెండిటి కింద, ప్రతిసారీ ఇవే వాడు అనేదానికి టిక్కు పెట్టి ఉంది.

"ఈ టిక్కు నువ్వు పెట్టిందేనా?"

"నేనే మేడమ్. ఒక్కోరోజు ముప్పై రిపోర్టులు ఉంటాయి. ఇక్కడ కూడా ప్రతిసారీ నంబరు కొట్టాలంటే చెయ్యి నొప్పి."

"అంటే నువ్వు అన్నానికి పోయినప్పుడు ఈ కుర్చీలో ఎవరు కూర్చుని ప్రింటు కొట్టినా నీ పేరుతోనే పోతాది."

ఆ పిల్ల ముఖంలో రంగు అప్పుడు మారింది. బ్రోకర్లు చూడకుండా తలుపుకి తాళం వేసి, తాళంచెవి తలుపుకే వదిలేసి పోయినట్టయింది.

"పంపడం వరకే కదండీ," అన్నాడు నరేంద్రబాబు. "కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు. ప్రింటరు దగ్గర నంబరు కొట్టాలిగా. ఇక్కడ చుక్కలే కనిపిస్తాయి, నంబరు కనిపించదు. తెలియని వాళ్ళు ఏం చేస్తారు?"

"అదే బాబూ నేనూ అడిగేది. తెలియనివాళ్ళు ఏం చేస్తారు? పదండి చూద్దాం."

వరండాలో ప్రింటరు నా భుజం ఎత్తు ఉంది. దాని గాజు పలక మీద ఊరందరి వేళ్ళూ కనిపిస్తున్నాయి. ముప్పై మూడేళ్ళు వేళ్ళు చదివినదాన్ని, ఇక్కడ నా విద్య దమ్మిడీకి పనికిరాదు. కళ్ళజోడు పైకి తోసి, హెబ్రోను చెప్పిన చోట నొక్కాను. పూర్తయిన ప్రింట్ల జాబితా వచ్చింది. నరేంద్రబాబు చేతిలో ఉన్నది అదే. దాని పక్కనే ఇంకో బొత్తాం ఉంది. ఆగి ఉన్నవి. నొక్కాను.

ఒకే ఒక్క వరస. ఇర్ఫానా, ఒక పేజీ, తొమ్మిదో తారీఖు, ఒకటీ ఆరు.

నరేంద్రబాబు వంగి చూశాడు. "మావాళ్ళు మొత్తం తీశామన్నారే!"

"పూర్తయినవి తీసినారు. పూర్తికానివి ఎవరడుగుతారు బాబూ? ఈ మిషన్‌కి లోపల డిస్కు ఉంది. కరెంటు పోయినా మరిచిపోదు. తీసేయమని ఎవరూ చెప్పకపోతే ఏడాదైనా దాచిపెట్టుకోనుంటాది. ఇర్ఫానా, ఇట్రామ్మా. నీ నంబరు కొట్టు."

ఆ పిల్ల వచ్చి ఎడమచేయి అడ్డం పెట్టుకుని నాలుగు అంకెలు కొట్టింది. ఇంత జరిగినా చేయి అడ్డం పెట్టుకుంది చూడండి, నాకు నవ్వొచ్చింది. మిషను గరగరలాడి ఒక కాయితం వదిలింది. "తెల్లమచ్చ వైరస్ లేదు." కింద ఇర్ఫానా సంతకం. పెంచల్ చేతికిచ్చిన రిపోర్టు అక్షరం పొల్లు పోకుండా ఇదే.

"ఒకటీ ఆరుకి ఎవరో దీన్ని పంపినారు," అన్నాను. "ఇక్కడికొచ్చి చూస్తే నంబరు అడిగింది. తెలీదు. వదిలేసి పోయినారు. తొమ్మిది నిమిషాల తరవాత మళ్ళీ పంపినారు, అది మాత్రం వచ్చింది. ఇర్ఫానా పంపి ఉంటే మొదటిదే తీసుకోనుండదా? ఇప్పుడు మీ ముందర ఒక్క దెబ్బకి తీసింది గదా."

"రెండుసార్లు నొక్కి ఉంటుంది. లేకపోతే మనలాంటివాళ్ళని తిప్పడానికి కావాలనే వదిలుంటుంది."

"అయితే ఇంకోటి చూడండి."

గదిలోకి వచ్చి, చుక్కలు ముట్టుకోకుండా, ఒక తెల్లకాయితం మీద నా పేరు కొట్టి ప్రింటు పంపాను. మళ్ళీ వరండాలోకి వెళ్ళాం. ఇర్ఫానా తన నంబరు కొట్టింది. తప్పు అంది ప్రింటరు. మళ్ళీ కొట్టింది. తప్పు.

"ఇది నా నంబరు కాదు మేడమ్," అంది. "ఎవరో మార్చినారు."

"అదీ సంగతి. ఆ తొమ్మిది నిమిషాల్లో జరిగింది అదే. చుక్కల వెనకాల ఏముందో చూడలేరు. కానీ చుక్కలు చెరిపేసి తనకి తెలిసిన నంబరు పెట్టుకోవచ్చు. టిక్కు ఉండాది కాబట్టి అదే నిలబడిపోయింది. ఆ నంబరు ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరిదో కనుక్కుంటే చాలు. మీరే కొట్టండి బాబూ."

నరేంద్రబాబు ఒకటి రెండు మూడు నాలుగు కొట్టాడు. తప్పు. నాలుగు సున్నాలు కొట్టాడు. తప్పు. చెమట తుడుచుకున్నాడు. నాలుగూ ఇరవై ఎనిమిది. నేను అతన్ని పక్కకి జరగమని సున్నా, ఏడు, ఎనిమిది, ఆరు కొట్టాను.

నా పేరున్న కాయితం మెల్లగా బయటికి వచ్చింది.

నరేంద్రబాబు కాయితాన్ని చూశాడు, తరవాత ఇర్ఫానాని చూశాడు. "ఏడొందల ఎనభై ఆరు. ముస్లింలు శుభమనుకునే నంబరు. ఇంకా వేరే చెప్పాలాండీ? ఆదిశేషమ్మ గారూ, కొండ తవ్వి మళ్ళీ నా ఎలకనే పట్టుకొచ్చారు. ఈ నంబరు ఎవరు పెట్టుకుంటారో నన్ను అడగాలా?"

అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. ఈ వయసులో కోపం తెచ్చుకుంటే రాత్రికి నిద్ర ఉండదని తెలిసీ తెచ్చుకున్నాను.

"మీరు ఈ జిల్లాకి వచ్చి ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు. గోదావరి జిల్లా నుంచి."

"కిందికి చూడండి. ఆ గేటు మీద ఏం రాసుంది? ఆ జీపు నంబరెంత?"

వరండా కటకటాల్లోంచి చూశాడు. గేటు మీద నరసింహస్వామి పక్కన 786. నీడలో ఉన్న హేచరీ జీపు నంబరు 0786. రోజుకి నాలుగుసార్లు ఆ గేటులోంచే వచ్చి పోతున్న మనిషి, ఇప్పుడు చూశాడు.

"హేచరీ సొంతదారు పేరేంది?"

"మస్తానయ్య." అని ఆగాడు.

"హిందువుల బిడ్డకి ఆ పేరు ఎట్టా వచ్చిందో మీ ఫైల్లో రాసుకోలేదు మీరు. పిల్లలు లేక వాళ్ళమ్మ కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టినాడు. నెల్లూరులో ఇట్టాంటి మస్తానయ్యలు వీధికి ఇద్దరుంటారు. ఆయన గేటు తాళం ఇదే. జీపు ఇదే. ఫోను తెరిచేది ఇదే అయుంటాది. ఇర్ఫానా పెట్టుకున్న నంబరు మాత్రం ఇది కాదు, మీ కళ్ళ ముందే రెండుసార్లు తప్పన్నాది మిషను."

కుర్చీ జరిగిన చప్పుడయింది. మస్తానయ్య గారు లేచి నిలబడి ఉన్నారు. మా మాటలన్నీ విన్నారు. ఆయన చూపు నా మీద లేదు, గుమ్మంలో ఉన్న కూతురి మీద ఉంది. ఒక్క క్షణమే. తరవాత కండువా సర్దుకుని మా దగ్గరికి వచ్చారు.

"ఆ పాపని వదిలిపెట్టండి సార్," అన్నారు. "నేనే చేసినా."

"ఏం చేశారు?" అన్నాడు నరేంద్రబాబు.

"ఆ రిపోర్టు. నేనే మార్చినా, నేనే తీసినా. రాసుకోండి."

"ఒకటీ పదిహేడుకి మీరు ఇక్కడ ఎలా ఉంటారండీ? ఐదు నిమిషాల ముందు టోల్‌గేటు దగ్గర ఉన్నారు."

"ఆ ఫొటో నాకు తెలీదు. నేనే చేసినా."

నరేంద్రబాబు నా వైపు తిరిగాడు. మొదటిసారి అతని ముఖంలో ప్రశ్న కనిపించింది. నేను తల ఊపాను. ఈ పనిలో నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసేవి దొంగల అబద్ధాలు కావు. ఇదుగో, ఇలాంటి అబద్ధాలు.

"సరే మస్తానయ్య గారూ," అన్నాను. "వచ్చి చూపించండి. నంబరు ఎట్టా మార్చినారో చేసి చూపిస్తే రాసుకుంటారు."

ఆయన గదిలోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు. సెట్టింగుల కిటికీ నేనే తెరిచి ఉంచాను, పేరు గడి, చుక్కల గడి, టిక్కు. ఆయన మౌసు మీద చేయి వేశారు. తొట్లలో నలభై ఏళ్ళు పిల్ల పట్టిన చేయి అది. బాణం గుర్తు తెర అంచుకి పోయి మాయమైంది. వెతికి పట్టుకొచ్చారు. ఇర్ఫానా పేరున్న గడి మీద నొక్కారు. కీబోర్డు మీద చూపుడువేలితో ఏడు ఎక్కడుందో వెతుకుతున్నారు. దొరికింది. పేరు చివర ఏడు పడింది.

"అది కాదు నాన్నా," అంది వాణి విసుగ్గా గుమ్మంలోంచి. "కింద చుక్కలుండే గడి. ముందు అవి చెరిపి..."

ఆగిపోయింది.

ఎన్నేళ్ళుగానో రోజూ చెప్పే మాట, పచ్చది నొక్కు, పైకి జరుపు, అక్కడ కాదు ఇక్కడ అని. అలవాటు నాలుక మీద ఉంటుంది, దానికి పోలీసులు పక్కనే ఉన్నారని తెలియదు. ఈ గదికే రానన్న మనిషి, గడప అవతల నుంచి, ఏ గడి ఎక్కడుందో చెప్పింది.

మస్తానయ్య గారు రెండు చేతులూ తెర మీద పెట్టి కప్పేశారు. "నువ్వు లోపలికి పో అమ్మా," అన్నారు. "నీకేం తెలీదు. నువ్వు పో."

వాణి పోలేదు. గడప దాటి లోపలికి వచ్చి తండ్రి వెనక నిలబడింది. "పోయినసారి పిల్లంతా పారబోసినాం నాన్నా," అంది. "మళ్ళీ పారబోస్తే గేటు మూసుకోవాల్సిందే అన్నావు. వైరస్ కొంచెమే ఉండాదిలే, చెరువులో పడితే తట్టుకుంటాదనుకున్నా."

నరేంద్రబాబు జేబులోంచి పెన్ను తీశాడు. అతనికి ఏం అడగాలో తోచినట్టు లేదు. ఆ సంగతి ఇర్ఫానాకే తోచింది. స్టూలు మీంచి లేచి, వాణికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అక్కా, ఆ పొద్దు నీకు కాయితమిచ్చి పారబోయమని చెప్పినా కదా?"

వాణి ఆ పిల్లకేసి తిరిగింది.

"చెప్పినావు," అంది.

నరేంద్రబాబు ఆ ఒక్క మాటా రాసుకుని, టైము చూసుకుని, పక్కన నాలుగూ నలభై ఆరు అని వేశాడు. తరవాత ఇర్ఫానాతో, "మీరు ఇంటికి వెళ్ళొచ్చమ్మా" అన్నాడు. మీరు అనడం అదే మొదలు.

ఐదింటికి పోలీసు జీపు బయలుదేరింది. వాణి వెనక సీట్లో కూర్చుంది. మస్తానయ్య గారు చెప్పుల్లేకుండా గేటు దాకా దాని వెంట నడిచారు. అప్పుడే ఆయన ఫోను మోగింది. మోగుతున్న ఫోను పట్టుకుని ఆయన అలవాటుగా వెనక్కి తిరిగారు, అడగడానికి ఎవరూ లేరు. ఇర్ఫానాయే ఆయన దగ్గరికి పోయి పచ్చగుర్తు పైకి జరిపి ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

ఆసుపత్రి నుంచి. పెంచల్ పోయాడు.